రెండు వేళ్ల సందు

లారీ తొట్టి కట్టడమే తెలుసు నాకు.
ముప్పై ఏళ్లుగా నా చేతిలోంచి పోయినవన్నీ
కదిలేవే,
ఏ నాసిక్ దాకానో పోయి
ఉల్లిపాయలతో తిరిగొచ్చేవే.
కదలకుండా నిలబడేది ఒకటి కట్టమని
సువార్త టీచర్ కబురంపింది.

నల్లపాడు దాటాక ఆవిడ ఖాళీ స్థలం.
తుమ్మకంప కొట్టించి, చదును చేయించి
సెకండ్ హ్యాండులో కొన్న ఈతకొలను నిలబెట్టింది.
తవ్వింది కాదు, నేల మీదే.
రేకు గోడ, లోపల నీలం షీటు,
ఎత్తు నా రొమ్ము దాకా.
ఎవరో పెద్ద గంగాళం ఎండలో పెట్టి మరిచిపోయినట్టు.
నిచ్చెన ఎక్కమంటే పిల్లలు ఏడుస్తున్నారట.
"చుట్టూ బల్ల పరువు మీరా,
నేల మీద నడిచినట్టే నడిచొచ్చి దిగాలి వాళ్లు."

కొత్త చెక్కకి డబ్బుల్లేవంది.
మా షెడ్డు వెనక విప్పి పడేసిన లారీ పలకలున్నాయి,
పన్నెండేళ్లు యార్డుకి మిర్చి టిక్కీలు మోసినవి.
చిత్రిక పట్టగానే తుమ్ము.
మళ్లీ తుమ్ము.
సైదులు మూతికి తువ్వాలు కట్టుకుని
కళ్లు తుడుచుకుంటూ అడిగాడు:
"మావా, ఇది చెక్కా, పచ్చడా?"

సిమెంటు దిమ్మెల మీద పద్నాలుగు కాళ్లు.
మట్టం చూడ్డానికి సన్న గొట్టంలో నీళ్లు పోసి
ఈ కాలుకీ ఆ కాలుకీ పట్టుకుంటే
గొట్టంలో నీళ్లూ కొలనులో నీళ్లూ
ఒకే మాట మీద ఉన్నాయి.
నా మొదటి దూలమే అరంగుళం అబద్ధం.
విప్పి మళ్లీ వేశాను.

మేకులొద్దన్నాను, మరలే.
తడిసీ ఆరీ మేకు తల పైకి లేస్తుంది,
పసి పాదం దానికి లోకువ.
పలకకీ పలకకీ మధ్య ఐదు రూపాయల బిళ్ల మందం.
నీళ్లకి మనం దారి చూపకపోతే
అవే చేసుకుంటాయి, చెక్కలోంచి.

అంతా బాగానే ఉంది, గుండ్రం కోసేదాకా.
లారీకి అన్నీ మూలలే, గుండ్రం ఎక్కడిది?
దారంతో గీయాలంటే నడిమధ్య మేకు కావాలి.
నడిమధ్యన నీళ్లు.
టీచర్ చెప్పులు విడిచింది, చున్నీ నడుముకి బిగించింది,
అరవై రెండేళ్ల మనిషి,
దారం కొస పిడికిట్లో పట్టి దిగింది.
అడుగున షీటు అతుకులు కలిసే చోట నిలబడి
పిడికిలి తల మీదికి ఎత్తింది.
రెండో కొసకి పెన్సిలు కట్టుకుని
నేను చుట్టూ మోకాళ్ల మీద.

"కదలొద్దు టీచర్."

అనేశాక గుర్తొచ్చింది.
ఏడో తరగతిలో, జెండా కర్ర ముందు
ఈల నోట్లోంచి తీసి ఇదే మాట నాకు చెప్పేది.
ఎనిమిదిలో నేను షెడ్డులో చేరా.
వరసలో నా చోటు తర్వాత ఎవరు నింపారో
ఇన్నేళ్లూ అడగలేదు, ఇప్పుడూ అడగలేదు.
ఆవిడ నవ్వలేదు. సావధాన్‌లో ఉంది,
గుండెల దాకా నీళ్లు.
నేను ఎటుంటే అటు దారం తిరిగింది, ఆవిడ తిరగలేదు.
గీత గీతని కలిసేసరికి
వేళ్లు తెల్లగా నానిపోయాయి కాబోలు.
"విశ్రామ్" అన్నాను మెల్లగా.
అప్పుడు దించింది చెయ్యి.

బల్లని గోడకి ఆనించలేదు.
ఆనిస్తే చూడ్డానికి బాగుంటుందని సైదులు పోరు.
ఇన్ని వేల లీటర్లు లోపల్నుంచి తోస్తుంటే
రేకు పొద్దున ఒకలా, మిట్టమధ్యాహ్నం ఒకలా ఊపిరి తీస్తుంది.
రెండు వేళ్ల సందు వదిలాను.
పక్కన నిలబడాలి గానీ మీద పడకూడదు.

మొదటి ఆదివారం పదకొండు మంది.
తడి కాళ్లతో ఒక్క పరుగు, అంతే,
పన్నెండేళ్ల ఘాటు పలకల్లోంచి లేచింది.
ఒకడు తుమ్మాడు. ఇంకొకడు వాడి మీద తుమ్మాడు.
నిచ్చెన దగ్గర వారం రోజులు ఏడ్చిన పిల్ల
అరికాళ్లు మంటని ఎగిరి
అందరికంటే ముందు నీళ్లలో పడింది.

ఇప్పటికి నాలుగుసార్లు మజ్జిగతో కడిగించాం.
అయినా ఎండ వాలే వేళ
కాస్త తడి తగిలితే చాలు,
ఎవరో ఒకరు తుమ్ముతారు,
కొలను గోడ వణుకుతుంది.
బల్లకి ఆ సంగతి తెలియదు.
సందులోంచి జారిన నా పెన్సిలు
కింద చల్లగా పడుంది.
తియ్యలేదు.