పద్నాలుగో నెంబరు

చీమకుర్తిలో దుమ్ము కొత్త కాదు.
మూడింటికి క్వారీ పేలితే
నాలుగింటికల్లా కంచాల మీద తెల్లటి పొర.
ఐపీ పెట్టినోడి ఇంటి మీద మాత్రం
ఆ దుమ్ము తుడిచినా పోదని మా అత్త అనేది.

మాల్యాద్రి పాలిషు మిషను కొన్నప్పుడు
ఇల్లు తాకట్టు పెట్టమంది బ్యాంకు.
సహ రుణగ్రహీత అన్నచోట
నా పేరు పొడుగ్గా రాశాను.
విలువ కట్టడానికొచ్చినాయన
వరండా రాళ్లకి ఒక్క అంకె వెయ్యలేదు.
అవి కోతలో మిగిలిన అంచులు,
ఏ రెండూ ఒక సైజు కావు.
నల్లరాతిలో మెరుపులు మాత్రం
ఓడలెక్కే సరుకులో ఉన్నవే.

మొన్న తలుపుకి మైదాతో అంటించిపోయిన కాగితంలో
మా ఇంటికి హద్దులు రాశారు.
దక్షిణం పంచాయతీ బజారు, ఉత్తరం సైడు కాలవ,
పడమర ఖాళీ స్థలం,
తూర్పు దాసరి చెంచమ్మ ఇల్లు.
రోజూ గోడ మీద నుంచి చింతచిగురు అందించే మనిషి
ఒక దిక్కని నాకు అప్పుడే తెలిసింది.

ఒంగోల్లో వకీలు గుమాస్తా మస్తానయ్య
కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి
"ఎవరికెంతో దాచకుండా చెప్పండమ్మా" అన్నాడు.
డీజిలు బంకు. బ్లేడ్ల కొట్టు. చిట్టీ పాట.
మా తమ్ముడి పేరు చెప్పేముందు
మంచినీళ్లు అడిగి తాగాను.
పద్నాలుగు, చెంచమ్మ, అరవై వేలు.
నోటు లేదు, సాక్షి లేడు,
మిషనుకి కరెంటు తీసేస్తామన్నరోజు
కొంగుముడి విప్పి ఇచ్చిన పాలడబ్బు.

"కుట్టుమిషను మీకే ఉంటది, జప్తుకి రాదు,
బతుకుతెరువు పనిముట్టు గదా"
పండగ కబురులా చెప్పాడు మస్తానయ్య.
మరి ఇల్లు?
"తాకట్టులో ఉన్నది ఈ గొడుగు కిందికి రాదమ్మా.
బ్యాంకు దారి బ్యాంకుది."

పోయిన మంగళారం తూర్పు హద్దు లేచి
మా గుమ్మంలోకొచ్చింది,
పేడచేతులు చీరకి తుడుచుకుంటా.
"ఏమ్మే, కోర్టు కవరంట, చదివిపెట్టు."
ఇన్నేళ్లూ ఆమె కరెంటు బిల్లూ
గ్యాసు మెసేజీ చదివింది నేనే.
చదివాను.
ప్రతివాది నెంబరు పద్నాలుగు.
"నేనేనా?"
"నువ్వే."
"పద్నాలుగా!" నొచ్చుకుంది,
ఇంకాస్త ముందుంటాననుకుంది కాబోలు.

"ఇది పెడితే మీ ఇల్లు నిలబడుద్దా?"
"లేదక్కా. వచ్చేనెల వేలం."
"మరి ఎవుర్ని ఆపుద్ది ఈ కాయితం?"

సూది కింద సగం కుట్టిన జాకెట్టు,
చెంచమ్మదే.
"నిన్ను" అన్నాను.

ఆమె వరండాలో కూచుని
బొటనవేలి గోటితో రాతిలో మెరుపొకదాన్ని
చాలాసేపు గీకింది, ఊడొస్తుందేమోనన్నట్టు.
అవతల గేదె అరుస్తున్నా లేవలేదు.
"వాయిదా ఎప్పుడు?"
"ఇరవై రెండు."
"నాకా కోర్టు దారి తెలవదు. నీతోనే వస్తా."

వచ్చింది, పాలు పోసేసి, తడితలతో.
సర్వీసాటోలో ఇద్దరి చార్జీ తనే ఇచ్చింది,
నా చెయ్యి పక్కకి నెట్టి.
రాళ్ల లారీలు ఎదురొస్తున్నాయి.
సంతనూతలపాడు దాటేదాకా మాట్లాడలేదు.
దాటాక, రోడ్డు వైపే చూస్తా అడిగింది.

"జడ్జిగారు పిలిస్తే ఏం చెప్పాలమ్మే,
నాకు రావాలనా,
ఏం లేదనా?"