గడ్డి గీసినోళ్లు

కొల్లాపూర్ బడిల, కిటికీలకు దుప్పట్లు కట్టి
జపాన్ బొమ్మల సినిమా ఏసిన.
అయిపోంగనే పిల్లలంత అన్నానికి ఉరికిండ్రు.
తెర మీద పేర్లు ఎక్కుతనే ఉన్నయి,
నాకూ చదువరాని అక్షరాలు.

శివలీల ఒక్కతే లేవలే.
"సారూ, గాలికి గడ్డి వంగింది సూడు,
గది ఎవరు గీసిండ్రు?"

డైరెక్టరని నోటిదాక వచ్చింది, మింగిన.
"గీ పేర్లల్లనే ఎవరో.
ఉత్త గడ్డే గీసుకుంట నెలలు కూసున్నరేమో."

"మా అమ్మది గూడ గడ్డి పనే సారూ,
పత్తి చేన్ల.
వాళ్లు మొలిపిస్తరు, మా అమ్మ పీకుతది."

నవ్వబోయి ఆగిన.
కరెంటు పోయింది.
ఎక్కబోయిన పేరేదో సగంల ఆరింది.

దుప్పటి ఇప్పితే
బోరింగుకాడ గడ్డి, మోకాలెత్తు, ఊగుతున్నది.
పళ్లెం పట్టుకొని శివలీల
తొక్కకుంట సుట్టు తిరిగి పోయింది.