పంపు సూది

రోజుకు పన్నెండు వేల క్వాచాలు, మధ్యాహ్నం భోజనం.
వాళ్ల మాట ఇటు, వీళ్ల మాట అటు
చేరవేసే దుబాసిని నేను.
నడుమ నా మాటంటూ ఒకటి ఉండకూడదు.

మిన్నెసోటా చర్చి నుంచి తొమ్మిది మంది,
ఒకే రంగు చొక్కాలు,
అప్పుడే ఎండకు కందిన మెడలు.
వ్యాను నెత్తిన తాళ్లతో బిగించిన పద్నాలుగు సంచులు.
సలీమా దాటాక తారు రోడ్డు అయిపోయింది,
వాళ్ల పాటలు అయిపోలేదు.

ఎనభై మూడు మంది పిల్లలు
పొడుగు ప్రకారం వరసలో నిలబడ్డారు.
ఎవరొచ్చినా అలాగే నిలబడతారు.
స్వాగతగీతం రెండుసార్లు పాడారు,
మొదటిసారి కెమెరా పనిచేయలేదని.

సంచులు విప్పారు.
మంచు మీద ఆడే ఆటకి వంకీ కర్రలు ఆరు.
మా సరస్సు ఒడ్డున మంచంటే
చేపల లారీలో కరిగేదే.
ఎడమ చేతివే తోలు తొడుగులు, జత లేనివి.
వంటమనిషి అనాఫీ ఒకటి తొడుక్కుని
పొయ్యి మీది న్సిమా గిన్నె దించి చూసి
"బావుంది, కుడిచేతిది ఉందేమో అడుగు" అంది.
"వందనాలు చెబుతోంది" అన్నాను.

ఆఖరి సంచిలో బంతులు.
ఇరవై రెండు.
విమానంలో చోటు కలిసొస్తుందని
గాలి తీసి, అప్పడాల్లా పేర్చి.
పంపు ఉంది.
పంపుకి పెట్టే సూది లేదు.
నలభై ఏళ్లు బళ్లో ఆటలు నేర్పిన మార్లిస్
జేబులన్నీ తడిమింది, సంచులు తిరగేసింది,
సూది తన వంటింటి బల్ల మీదే ఉండిపోయిందని
ఉన్నట్టుండి గుర్తొచ్చి
నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పాస్టర్ నావైపు తిరిగాడు.
"బంతుల్లో గాలి లేదని చెప్పు."
మా చిచేవాలో గాలికీ ఊపిరికీ ఒకటే మాట.
చెప్పాను.
వరస కదల్లేదు.
కొసన, అందరికన్నా పొట్టివాడు, ఫత్సాని
అడిగాడు:
"ఎప్పుడు చచ్చిపోయాయి?"

"ఏమంటున్నాడు?"

పెన్ను మూత తీశాను. మళ్లీ పెట్టాను.
"ఎప్పుడు ఆడుకోవచ్చంటున్నాడు."
అందరూ నవ్వారు, ప్రేమగానే.
మార్లిస్ వాడి ముందు మోకాళ్ల మీద కూచుని
ఒక బంతి చేతికిచ్చింది.
వాడు దాన్ని నేల మీద పడుకోబెట్టి
ముడతలు సర్దాడు,
ఎవరికో దుప్పటి కప్పడం
దగ్గరుండి చూసినవాడిలా.

ప్రార్థన చేద్దామన్నారు. చేశాం.
ఆమెన్ తర్వాత కూడా
బంతులు అలాగే ఉన్నాయి.

సైకిళ్లు బాగుచేసే లామెక్ కోసం
అప్పటికే ఎవరో పరిగెత్తారు.
వచ్చాడు, తన పంపుతో, తీరిగ్గా.
నా పెన్ను అడిగాడు.
రీఫిల్ లాగి, మొన కొరికి ఉమ్మేసి
సిరా బయటికి ఊదాడు.
పెదాలు నీలం, నా చొక్కా నీలం.
ఆ గొట్టాన్ని బంతి నాభిలో దించి
"కొట్టండ్రా" అన్నాడు.

ఇద్దరు పట్టుకున్నారు, ఒకడు కొట్టాడు.
ఫత్సాని చెవి ఆనించి విన్నాడు.
చాలాసేపు విన్నాడు.
"వస్తోంది" అన్నాడు.

బంతి గుండ్రమయ్యాక
ఒక్కరూ తన్నలేదు.
చేతి నుంచి చేతికి అందించుకున్నారు,
పొడుగు ప్రకారమే.
అది ఎనెలేసి దగ్గరికి చేరాక
"ఏంటి, పసిబిడ్డా ఇది?" అని విసుక్కుని
తోట కంచె దాటేలా తన్నిపారేసింది.
అప్పుడు చెదిరింది వరస.

సాయంత్రం వ్యానులో
మార్లిస్ నా పక్క సీట్లోకి మారింది.
"ఆ పిల్లాడు నిజంగా ఏమన్నాడు?"

తారు రోడ్డు వచ్చేదాకా
నీలం అంటిన వేళ్లు చూసుకుంటూ కూచున్నాను.
ఆ తర్వాత చెప్పాను,
మాటకు మాట.

వెనక సీట్లలో పాట సాగుతూనే ఉంది.
ఆవిడ ఏమీ అనలేదు.
కిటికీ అద్దం దించింది.
గాలి,
ఇంకో రకంగా కూడా అనువదించవచ్చు,
లోపలికి వచ్చింది.