నులక మంచం

భాకరాపేట దాటినాక ఫోను చచ్చిపోయింది.
నేరబైలు దగ్గర ఆయన మాటలూ ఆగిపోయినాయి.
డ్రైవరు సీటు వెనక కూర్చోవడం
మునిశేఖరుకి చేతకాదు.
బస్సు పరాయిది, స్టీరింగు పరాయిది,
ఒళ్ళో చేతులు మాత్రం
మలుపుమలుపుకీ తిరగతా ఉండాయి.

ఫారెస్టోళ్ళ గుడిసె తలకోనకి ఇవతల, వాగు గట్టున.
వెదురు తడికలు, రేకుల కప్పు,
తలుపుకి గొళ్ళెం బదులు సైకిలు చెయిను.
వాచరు ఓబులేసు రిజిస్టరు తెరిచి
"ఎంతమంది?" అన్నాడు, మమ్మల్ని చూస్తానే.
"ఇద్దరు" అని రాయిస్తా ఉంటే
నాకెందుకో అబద్ధం చెప్తా ఉన్నట్టు అనిపించింది.

పదకొండేళ్ళుగా కొర్లగుంటలో మాకు ఒకటే పరుపు.
రాత్రంతా రుయాలో సెలైన్లు మార్చి నేనొచ్చేసరికి
తొలి ట్రిప్పుకి ఆయన కొండెక్కేసి ఉంటాడు.
ఆయన వదిలిన గుంటలో, ఆ వెచ్చదనంలో
నేను ముడుచుకుంటా.
నేను లేచినాక, ఆయన.
మా కాపురం ఎట్లుందని ఎవురన్నా అడిగితే
ఆ పరుపుని అడగమంటా.

ఇక్కడుండేది నులక మంచం.
నడుమ సాగి ఉయ్యాలైపోయింది.
ఆయన ఆ పట్టె మీద, నేను ఈ పట్టె మీద
మర్యాదగా పడుకున్నాం,
సత్రంలో ముక్కూమొహం తెలీనోళ్ళ మాదిరి.
మంచం ఒప్పుకోలేదు.
ఎంత బిగబట్టినా జారిజారి నడిమికొచ్చి
మోచెయ్యికి మోచెయ్యి తగిలితే
"సారీ మే" అన్నాడు.
పెళ్ళానికి సారీ ఏంది సామీ, అని నేను నవ్వినా.
అప్పుడే రేకు మీద ఏదో దూకింది.
"దేవాంగపిల్లి" అన్నాడు, అంతా తెలిసినోడి మాదిరి.
"కోతి" అన్నా.
దానికే అర్ధగంట గొడవపడినాం.
ఎంత బాగుండిందో!
ఇన్నేళ్ళూ మా గొడవలన్నీ
ఫ్రిజ్జు తలుపు మీద చీటీలే.

రాత్రి రెండుకి మెలకువొచ్చింది.
వార్డులో ఇంజెక్షన్ల వేళ అది.
చీకట్లో ఆయన కుడికాలు
మెల్లగా తొక్కతా ఉంది, వదలతా ఉంది.
నిద్దట్లోనూ ఘాటు దిగతా ఉండాడు,
వెనక సీట్లలో గుండు కొట్టించుకున్న పిల్లోళ్ళని కూర్చోబెట్టుకుని.
అలవాటు కొద్దీ మణికట్టు పట్టుకున్నా.
గడియారం కనపడదు, లెక్క తెలీదు.
చార్టులో రాసేదానికి కాకుండా
ఒక నాడిని ఊరికే పట్టుకోవడం అదే మొదలు.
ఏ మలుపు దగ్గరో కాలు ఆగింది.
నేను చెయ్యి తియ్యలేదు.

పొద్దున ఓబులేసు పెళ్ళాం
సంగటి ముద్ద, ఊరిబిండి ఆకులో పెట్టిచ్చింది.
జలపాతం చూడకుండా ఎట్లా అని ఓబులేసు తెగ బాధపడినాడు.
మేం చూడలేదు.
ఏనుగు అడుగు చూపిస్తానన్నాడు, దానికీ పోలేదు.
వాగులో కాళ్ళు పెట్టి కూర్చున్నాం.
ఆయన మెడ వెనక వెంట్రుకలు నెరిసినాయి.
ఎప్పుడు నెరిసినాయో నాకు తెలీదు.
నా పాదం మీద మచ్చ ఏందని ఆయనడిగినాడు.
నాలుగేళ్ళ కిందట వేణ్ణీళ్ళు పడినాయి.
"చెప్పలేదే?"
"చీటీలో పట్టలేదు."
బొటనవేలితో ఆ మచ్చని రుద్దతా కూర్చున్నాడు,
బస్సు అద్దం మీద మంచు తుడిచినట్టు.

రెండో రాత్రి పట్టెలు వెతుక్కోలేదు.
తిన్నగా నడిమికే పోయినాం.

ఆదివారం మాపటికి ఇల్లు చేరి
లైటేసి పరుపు మీద చెయ్యి పెట్టినా.
చల్లగా ఉంది.
పదకొండేళ్ళలో అది చల్లారింది ఇప్పుడే.
ఆయనా వచ్చి పెట్టి చూసినాడు.
నా డ్యూటీకి ఇంకా గంటన్నర ఉంది.
చెప్పులు కూడా విప్పకుండా
పరుపు అంచులు ఎత్తి, వంచి, నడుమ పిడికిలితో గుద్ది చూస్తా
"మే, దీన్ని గూడా సాగదియ్యాలంటే ఎట్లా?" అన్నాడు.