పదిహేడు చుక్కలు

షేడ్ కార్డు పేకముక్కల లెక్క విప్పి
గోడకు ఆనిచ్చి పట్టిండు యాకయ్య.
"అన్నీ పచ్చలే సిస్టరమ్మా,
ఏలు పెట్టు, పూస్త."

నేను ఏలు పెట్టలే.

మా ఆయనకేమో పచ్చనే కావాలె.
ఎనుమాముల యార్డుల కాంటా కాడ
పొద్దంత మిర్చి రాసులు చూసి చూసి
కండ్లల్ల నిప్పు పోసుకొని వస్తడు.
తుమ్ముకుంట చెప్పులిడిసి
"ఇల్లన్న జర సల్లగ కనబడొద్దా" అంటడు.

నాకు పచ్చంటే
ఎంజీఎం థియేటర్ల పదకొండేండ్లు
ఉతికి ఉతికి వెలిసిన బట్ట.
నడుమ చదరంగ కత్తిరించిన కంత.
కంతల పొట్ట తప్ప
మనిషి కనబడడు.
గంటలు గంటలు ఎరుపు చూసినంక
తలెత్తి తెల్లగోడను చూస్తే
పచ్చటి మరకలు ఈదుతయి.
కాశిబుగ్గ దాంక ఆటోల నాతోనే వస్తయి,
అన్నం గిన్నె మీద వాలుతయి.

అందుకే తెలుపు వద్దన్న.
పచ్చ కూడ వద్దన్న.
"మరేం పూయమంటవ్, గాలి పూయాల్నా?"
మా ఆయన గొంతుల మిర్చి ఘాటు.

లొల్లికి లేచొచ్చింది మా అత్త ఓదెమ్మ.
"పచ్చలన్నీ ఒక్కతీరుగుంటయా బిడ్డా?
పసుపూ పచ్చనే, పైరూ పచ్చనే.
బాలింత ఒళ్లు పచ్చిది.
కిరాయింట్ల బాత్రూం గోడకు పట్టిన పాచి,
అదీ పచ్చనే, జారిపడ్డది నేను."
అనుకుంట కార్డు మీద చెయ్యి పెట్టింది.
ముంజేతి మీద పచ్చబొట్టు.
తేలో తులసికోటో ఇప్పుడెవలికీ ఎరుకలేదు.
అరవై ఎండకాలాలు తాగి
నలుపుకూ నీలానికీ నడుమ ఆగిన పచ్చ
తోలు కింద నుంచి చూస్తున్నది.

యాకయ్య కార్డు మూసి జేబుల పెట్టిండు.
తెల్లరంగు బకెట్ల స్టెయినర్ సీసా వంచి
ఒక్కొక్క చుక్క లెక్కబెట్టిండు.
పదిహేడు ఆకుపచ్చ, రెండు నీలం,
నలుపు అర చుక్క, అదీ పుల్లతోని.
కలిపినప్పుడల్ల ముసలామె చెయ్యి పట్టి
బకెట్ పక్కన పెట్టి చూసుకునుడు.
"ఆరినంక ఒక మెట్టు దిగుతది" అన్నడు.
మూడు మెట్లు దిగింది.

హాలుల ఒక్క గోడకే అది.
వంటింటికి సొరకాయ లోపలి పచ్చ.
కొత్తవాడల నేయించిన జంపఖానకు
చింతచిగురు అంచు అడిగిన.
మగ్గం కాడి కట్టయ్య పాలకూర అంచు ఏసి
"రెండుసార్లు ఉతుకు, చిగురైతది" అన్నడు,
పైసలు మాత్రం తగ్గియ్యలే.

నిన్న మూడు కేసులు.
ఒకటి దక్కలే.
ఇంటికొచ్చి చీరె కూడ మార్చకుండ
ఆ గోడకు ఎదురుంగ కూసున్న.
మరకలు ఈదుకుంట వచ్చినయి,
గోడ దాంక పోయినయి,
అండ్లనే ఎటో కలిసినయి.

మా ఆయన వచ్చి పక్కన కూలవడి
కారం చేతులు దేనికీ తగులకుండ
మోకాళ్ల మీద ఎల్లెలుకల పెట్టుకున్నడు.
చాలసేపు తుమ్మలే.