తిరిగి చెప్పు

బాతువకీ సిగడానికీ మధ్య రైలు గేటు కేబిన్‌లో
రాత్రి డ్యూటీ నాన్న పక్కన
ముక్కాలిపీట మీద నేను,
ఒళ్లో నూట పన్నెండు ప్రశ్నల పుస్తకం.
ఎల్లుండి ఢిల్లీలో ఇంటర్వ్యూ.
ఇక్కడ బోర్డు నాన్నే. ఛైర్మనూ ఆయనే.
కళ్లజోడు కాలు దారంతో కట్టుకుని
ఇంగ్లీషు ప్రశ్నని కూడబలుక్కుంటూ చదివి
తెలుగులోకి దింపుతున్నాడు, గోగునార మోపు దింపినట్టు.

"రెండిమానాలొచ్చీసేయి. రన్‌వే ఒకటే.
ఒకదాంట్లో నూనె అయిపోతంది,
ఒకదాంట్లో గుండెనొప్పోడున్నాడు.
ఏటి సేత్తావు?"

గొంతు సవరించుకున్నాను.
ఒత్తిడిలోనూ నేను ప్రశాంతంగా ఉంటాను,
సమయస్ఫూర్తితో, బృంద స్ఫూర్తితో...
నాన్న చెయ్యెత్తాడు.
జెండా లేకపోయినా ఆ చెయ్యికి మా ఇంట్లో అందరం ఆగుతాం.

"ఆడు ఆకాశంలో ఉన్నాడే అమ్మా,
నీ గొప్పలు ఆడికెందుకు?
ముందు ఏటి సేత్తావో అది సెప్పు."

ఎన్ని నిమిషాల నూనె ఉందో అడుగుతాను.
ఒకరిని దించుతూ రెండోవాణ్ణి ఎడంగా ఉంచుతాను.
పక్క సీటుకి చెబుతాను. ఫైరింజన్‌ని, అంబులెన్సుని పిలుస్తాను.

"ఎడంగా ఉండమన్నావు సరే.
ఆడు ఇన్నాడని నీకెలా తెల్సు?"

అది పుస్తకంలో లేదు.

ఫోను మోగింది.
నాన్న లేచి నిలబడే ఎత్తుతాడు, ముప్ఫై ఏళ్లుగా అంతే.
చక్రం తిప్పి గేటు దించొచ్చి
"మూసీసేను. నంబరు నాలుగు ఏడు."
తీగ అవతల సిగడాం స్టేషన్ మాస్టరు
నిద్ర గొంతుతో: నాలుగు ఏడు.
జీడిపిక్కల ఆటో ఒకటి గేటుకి ముక్కు ఆనించి తిట్టుకుంటోంది.
గూడ్సు వెళ్లినంత సేపూ
గ్లాసులో టీ వలయాలు వలయాలుగా వణికింది.

"అదీ. తిరిగి సెప్పించుకోవాల.
ఇన్నాడులే అనుకున్నావా, అయిపోనాం."

ఎనభై ఎనిమిదో ప్రశ్న.
మీతో పనిచేసేవాడు ఒక తప్పు చేశాడు.
ఎవరూ చూడలేదు, ఎవరికీ ఏమీ కాలేదు.
మీరేం చేస్తారు?

దీన్ని మాత్రం నాన్న దింపలేదు.
కళ్లజోడు తీసి లుంగీ అంచుతో తుడిచాడు,
తుడిచిందే తుడిచాడు.

"తిత్లీ తుపానెల్లిన మూడో రేత్రి
కూకున్నోణ్ణి కూకున్నట్టే పడుకుండిపోనాను.
ఆరు నిమిషాలు. గేటు తెరిసే ఉంది.
ఇంజను డైవరు సిగ్నలు కాడ ఆగి కూతెయ్యబట్టి సరిపోయింది.
రోడ్డు మీద కుక్క కూడా లేదు.
తెల్లారి రిజిస్టర్లో నానే రాసీసేను."

ఆ ఏడు ఇంక్రిమెంటు ఆపేశారు.
నా హాస్టలు ఫీజుకి అమ్మ చెవికమ్మలు చీపురుపల్లి వెళ్లాయి.
నాన్న మీద పిటిషను పెట్టినవాణ్ణి
ముఖం తెలియకుండానే ఇన్నేళ్లూ శపించాను.

ఎందుకు రాశావు నాన్నా?

పైన గోడకున్న బజ్జరు చూపించాడు.
పది నిమిషాలకోసారి అరుస్తుంది,
లేచెళ్లి నొక్కితే గాని ఊరుకోదు.
"అప్పుడే గదా అది ఎట్టేరు.
రాయకపోతే నానొక్కణ్ణే జాగర్తపడుదును."

ఢిల్లీలో ఎనభై ఎనిమిదో ప్రశ్న అడగలేదు.
రన్‌వే మీద అడవిపంది అన్నారు, రేడియో మూగబోయిందన్నారు.
అడిగిన ప్రతిదాన్నీ ముందు వాళ్లకే తిరిగి చెప్పి,
సరిగ్గా విన్నానా అని అడిగి, అప్పుడు మొదలెట్టాను.
ఒకదానికి తెలియదన్నాను,
తెలిసినవాళ్లని ఎలా పిలుస్తానో చెప్పాను.
బల్ల చివరి పెద్దాయన రాసేది ఆపి చూశాడు.
మెచ్చుకునో, విసిగో. అర్థం కాలేదు.

ఫలితాలు రాలేదు ఇంకా.
కేబిన్‌లో బజ్జరు అరిచింది.
నాన్న లేవబోతే
ఉండమని చెయ్యెత్తాను.
ఆగాడు.
ఒక్క క్షణం ఆగి,
"నా డ్యూటీ," అని తనే వెళ్లి నొక్కాడు.