ఫారం నాలుగు

జూన్ ముప్పై. గడువు ఈ రాత్రి పన్నెండు దాకనే.
చిట్యాల దాటినంక, హైవే పక్కన,
ఫ్యాక్టరీ రెండో అంతస్తుల
నేను, ఒక ఫ్యాను, ఫారం నాలుగు.

మొదటి గడి:
ఏడాదిలో పుట్టిన ప్రమాదకర వ్యర్థం.
పుట్టిన అనే ఉన్నది, పిల్లల లెక్క.
తల్లెవరో అడగలే.
టన్నులల్ల చెప్పాలె,
చుక్క తర్వాత రెండంకెలు.

తూకంకాడ ముత్యాలు రాసిన చీటీలు
గోనెసంచి నిండ ఉన్నయి.
వానకు తడిసి కొన్నిట్ల ఏడు ఒకటైంది.
ముత్యాలు చేతిరాత కొంచెం వాలుగ ఉంటది,
రాత్రి ముదిరినకొద్ది ఇంకా వాలుతది.
ఏ లారీ పొద్దుగాల పోయిందో
ఏది అందరు పండుకున్నంక పోయిందో
అంకెల నడుము చూసి చెప్పొచ్చు.

తొమ్మిదింటికి కామేశ్ సార్ ఫోను:
"ఎంత తగ్గింది?"
ఎంత ఉన్నది అని ఎన్నడడగడు.
నిరుడు రెండు వందల ఎనభై టన్నులు.
ఈయేడు పదిహేను శాతం తగ్గాలె,
హెడ్డాఫీసు గోడమీద అప్పుడే అచ్చేసినరట.
"ఆ అడుగుమడ్డి ఉంది చూడమ్మా,
దాన్ని వ్యర్థం అనకు. ఉపఉత్పత్తి అను.
కొంటున్నరు గద ఎవరో!"
టన్ను ఒక్క రూపాయికి
ఎవరో.

ఒక్క మాట మార్చిన.
ముప్పైతొమ్మిది టన్నులు
ఈ గడిలకెల్లి లేచి
ఆ గడిల కూసున్నయి.
కిటికీ మూసినా వాసన మాత్రం
లేచినకాడనే ఉన్నది.

నల్లగొండోళ్ళం.
నవ్వితే చాలు, మా నీళ్ళు కనబడతయి.
గార పట్టిన పండ్లు నావి, మా అన్నవి,
మోకాళ్ళు వంగిన మేనమామ నడక
ఎవరి ఫారంలకూ ఎక్కలే.
అది భూమి ఇచ్చింది, సరే.
ఇప్పుడు మేమిచ్చేది
ఎవరి పండ్లల్ల తేలుతదో.

ఆఖరి గడి: తగ్గింపుకు తీసుకున్న చర్యలు.

ఇక్కడ ఒక్కటి నిజం ఉన్నది.
డ్రమ్ములు కడిగే యాదమ్మ
దసరా ముందొకనాడు ముక్కుగుడ్డ కిందికి గుంజి అన్నది:
"మూడో కడుగు నీళ్ళు తేటగనే ఉన్నయి గద సారూ,
పారబోసుడెందుకు?
వచ్చే డ్రమ్ముకు మొదటి కడుగు జెయ్యరాదా?"
బిందె నీళ్ళకు మైలు నడిచిన మనిషి.
బోళ్ళు తోమిన నీళ్ళతోని ఇంకో బోళ్ళు తోమిన చెయ్యి.
ఇంజనీర్లు నవ్విన్రు. తర్వాత చేసిన్రు.
ఏడాదికి మూడు టన్నుల అరవై తక్కువ,
మబ్బుల్లేని లెక్క.

యాదమ్మ అని రాసిన.
తెర ఎర్రబడ్డది: ఈ గడిలో పేర్లు చెల్లవు.
"ప్రక్రియ సమర్థీకరణ" అని రాసిన.
పచ్చబడ్డది.

పదకొండు నలభై ఎనిమిది.
పదిహేను శాతం దాటింది.
పైన సంతకం నాది.
పంపిన. ధన్యవాదములు అని వచ్చింది,
ఎవరికో, ఎందుకో.

చీటీల సంచి స్కూటీ ముందట పెట్టుకొని
ఇంటికి తెచ్చిన. మంచం కింద ఉన్నది.
ఎందుకు తెచ్చిననో
అడిగితే చెప్పలేను. పారెయ్యనూలేను.

తెల్లారి గేటుకాడ యాదమ్మ:
"రాసినవా బిడ్డా, నా నీళ్ళ సంగతి?"

రాసిన అన్న.
పండ్లు కనబడకుంట
నవ్విన.